బురదగుంటలో ఆగిన కారు

కల్యాణి: నమస్కారం, చెన్నై నుంచి మాట్లాడుతున్నాం. పోయిన భాగంలో బాబాయి గొడుగు గురించి ఉత్తరాలు రాసిన వారందరికీ ఒకటే జవాబు, ఆ సంగతి ఇక ఎత్తము. 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ చివర్లో మానసిక వైద్యుడు వచ్చి కథంతా విడమరచి చెప్పే సన్నివేశం అవసరమా కాదా అన్నది నేటి విషయం.

బాబాయి: అనవసరం. ఇక ఇంటర్వెల్ సంగతికి వద్దాం.

కల్యాణి: అప్పుడే వచ్చేశారా బాబాయ్!

బాబాయి: రాక తప్పదమ్మా. పీయూసీ చదివే రోజుల్లో మౌంట్ రోడ్డు పక్క సందులో ఒక హాల్లో ఈ సినిమా చూశాను. మోటెల్ నడిపే నార్మన్, స్నానాల గదిలో హత్యకు గురైన కథానాయిక మారియన్ శవాన్ని డిక్కీలో పెట్టి, కారును బురదగుంటలోకి తోస్తే, అది సగం మునిగి ఆగిపోతుంది కదా, సరిగ్గా అక్కడ ఆపరేటరు లైట్లు వేసేశాడు. వేరుశనగ పొట్లాలు పట్టుకుని మెట్ల మీద నిలబడిన వాళ్లలో ఒక్కరూ చచ్చిపోయిన పిల్ల ఊసు ఎత్తలేదు. కారు మునుగుతుందంటారా అని ఒకరినొకరు అడిగారు. నేనూ అడిగాను.

కల్యాణి: అది ఆ ఆపరేటరు చేసిన పాపం. నార్మన్ ఏదో నములుతూ అటూ ఇటూ చూస్తాడు, మన గుండె జారుతుంది, కారు మళ్లీ కదిలి మునిగిపోతుంది, మనం ఊపిరి పీల్చుకుంటాం. అలా పీల్చుకున్నాక గాని ఎవరి పక్షాన ఉన్నామో మనకే తెలియదు. మధ్యలో పది నిమిషాలు ఆపితే ఆ సిగ్గు ఎక్కడ మిగులుతుంది?

బాబాయి: మిగలడమేమిటి, రెట్టింపవుతుంది. తల్లి చేసిన హత్యను కొడుకు కప్పిపుచ్చుతున్నాడని నమ్మి, వాడి తరఫున పది నిమిషాల సేపు వకాల్తా పుచ్చుకుని నిలబడ్డాను నేను.

కల్యాణి: మిమ్మల్ని అక్కడికి నడిపించిన దారి చూడండి. మారియన్ 40,000 డాలర్లు ఎత్తుకుని పోతుంటే, నల్లకళ్లద్దాల పోలీసుకు ఆమె దొరకకూడదని కోరుకుంటాం. మోటెల్ గదిలో, కారు మార్చుకోవడానికి ఇచ్చిన 700 తీసివేసి, 39,300 అని కాగితం మీద లెక్క వేసుకుంటుంది, అంటే తిరిగి ఇచ్చేద్దామని నిశ్చయించుకుందన్నమాట. ఆ కాగితం చించి పారేసి స్నానానికి వెళుతుంది. ముప్పావు గంట దాటీ దాటకముందే కథానాయిక లేదు. ఇక మనకు పట్టుకోవడానికి మిగిలింది పేపరులో చుట్టిపెట్టిన ఆ డబ్బొక్కటే.

బాబాయి: నార్మన్ గది కడిగినంత సేపూ నా కళ్లు ఆ పేపరు మీదే ఉన్నాయి.

కల్యాణి: అంతా తుడిచి, చివరిసారిగా గదిని చూడవచ్చినవాడు ఆ పేపరు తీసుకుని, లోపల ఏముందో చూడకుండానే డిక్కీలోకి విసిరేస్తాడు. మనం అంతసేపు కాపలా కాసిన సొమ్ము అది! ఆలస్యంగా వచ్చినవారిని హాల్లోకి రానివ్వకూడదని హిచ్‌కాక్ ఊరికే పట్టుబట్టలేదు, లేకపోతే మారియన్ వేషం వేసిన జానెట్ లీ ఎప్పుడు కనిపిస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు.

బాబాయి: ఇక్కడ ఆ నియమం పెడితే మీ నాన్న ఒక్క సినిమా కూడా చూసి ఉండేవాడు కాదు. ఆ రోజు మాత్రం వేళకే వచ్చాడు. కారు ఆగగానే నా మణికట్టు పట్టుకున్నాడు. లైట్లు వెలిగినా వదలలేదు.

కల్యాణి: ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు మీరు.

బాబాయి: సందర్భం రాలేదు. సరే, 1954లో ఇక్కడి ఏవీఎం వారు తీసిన తమిళ సినిమా ‘అంద నాళ్’ చూడు. పాట ఒక్కటీ లేదు, శివాజీ గణేశన్ మొదట్లోనే తుపాకీ దెబ్బకు పోతాడు. మమకారం పెంచుకోకముందే పోయాడు కాబట్టి, చంపింది ఎవరన్న ప్రశ్నే సినిమాను నడిపిస్తుంది. హిచ్‌కాక్ ముందు మమకారం పెంచి, తర్వాత తుంచాడు.

కల్యాణి: మరి వైద్యుడి సంగతి? ఆయన ఉపన్యాసం నాకూ విసుగే. కాని మధ్యలో ఒకాయన, ఆ 40,000 ఎవరికి దక్కాయని అడిగితే, ‘బురదగుంటకు’ అంటాడు వైద్యుడు. ఆ డబ్బు మనం ఎప్పుడు మరిచిపోయామో అప్పుడు గుర్తొస్తుంది. ఆ ఒక్క జవాబు కోసం ఆయన్ను క్షమించేశాను.

బాబాయి: ఒక్క మాట కోసం అంత ప్రసంగమా! ఆఖరి షాటులో గొలుసు వేసి ఆ కారునే పైకి లాగుతారు కదా, మనం మునగాలని కోరుకున్న కారు. అక్కడ గనక ఒక ఇంటర్వెల్ వేసి ఉంటే...

కల్యాణి: అక్కడికి సినిమాయే అయిపోయింది బాబాయ్.

బాబాయి: అయితే ఏం?