డాక్యుమెంటరీలో ఎవరి గొంతు ఎంతసేపు? సెకన్ల లెక్క, ‘ఆయన–ఆమె’ల చిక్కు

నమస్కారమండి. పేరు చెడ్డ ఒక సంగీత నిర్మాత మీద డాక్యుమెంటరీ వచ్చిందనుకోండి. దానికి తెలుగులో రివ్యూ చెయ్యాలన్నా, సబ్‌టైటిల్స్ రాయాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: అందులో ఎవరు ఎంతసేపు మాట్లాడారు? తలలు లెక్కపెడితే మోసపోతాం. పదిమంది ఆడవాళ్లు కనిపించి ఒక్కొక్కరూ ఒక్కో ముక్క చెప్పి వెళ్లిపోవచ్చు. లెక్క సెకన్లలో కట్టాలి.

ఉదాహరణకి ఫిల్ స్పెక్టర్‌ని తీసుకుందాం. 1960ల్లో అమెరికాలో పెద్ద సంగీత నిర్మాత. 2003 ఫిబ్రవరి 3న అతని ఇంట్లో నటి లానా క్లార్క్‌సన్ తూటా తగిలి చనిపోయింది. 2009లో ఆ హత్య కేసులో అతనికి శిక్ష పడింది. ఆ శిక్షలో ఉండగానే 2021లో అతను పోయాడు.

ఇప్పుడు కంప్యూటర్లో ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్ తెరవండి. మొదలు, ముగింపు, ఎవరు, సంబంధం ఏంటి, కింద వేసిన పేరుపట్టీ, తెర మీద ఎవరి బొమ్మ. ఈ ఆరు కాలమ్స్ చాలు. టైం కొట్టేటప్పుడు 12:40 అని కొట్టకండి, షీట్ దాన్ని పన్నెండు గంటల నలభై నిమిషాలు అనుకుంటుంది. 0:12:40 అని కొట్టి, కాలమ్ ఫార్మాట్ డ్యూరేషన్‌కి మార్చండి. అప్పుడే కూడిక సరిగ్గా వస్తుంది.

బొమ్మకి విడిగా కాలమ్ ఎందుకంటే, లానా ఫొటో తెర మీద ఉంటుంది, మాట మాత్రం లాయరుది. అది లాయరు ఖాతాలోకే వెళ్లాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

పేరుపట్టీ ఉన్నదున్నట్టు రాసుకోండి. లానా ఫొటో కింద ‘నటి’ అని ఉందా, ‘హతురాలు’ అని ఉందా? మగవాళ్లందరికీ వృత్తి వేసి, ఆమెకి చావు ఒక్కటే వేస్తే అది రివ్యూలో చెప్పాల్సిన మాటే.

పాటలకి ఇంకో షీట్ పెట్టండి. 1962లో స్పెక్టర్ నిర్మించిన ‘హీ ఈజ్ ఎ రెబెల్’ పాట క్రిస్టల్స్ అనే అమ్మాయిల బృందం పేరు మీద వచ్చింది. పాడింది మాత్రం ఆ బృందంలో లేని నల్లజాతి గాయని డార్లీన్ లవ్. తెర మీద క్రిస్టల్స్ ఫొటో వేసి ఆ పాట వినిపిస్తే, అప్పుడు దక్కని పేరు ఇప్పుడూ దక్కనట్టే. నల్లజాతి గాయనులు ఎంతమంది కనిపించారన్న ప్రశ్న కంటే, వాళ్ల గొంతుకి వాళ్ల పేరు పడిందా అన్నది గట్టి ప్రశ్న.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. అసలు గొడవంతా ఇక్కడుంది. ఇంగ్లీషులో గౌరవానికో సర్వనామం, చనువుకో సర్వనామం లేవు. మనం రాసేటప్పుడు చెయ్యి అలవాటుగా ‘ఆయన తుపాకీ తీశారు, ఆమె భయపడింది’ అని రాసేస్తుంది. చూశారా, కాల్చినవాడికి ‘శారు’, చనిపోయినామెకి ‘డింది’! ఇద్దరికీ ఒకే మెట్టు పెట్టండి: అతను తీశాడు, ఆమె భయపడింది. 1960ల పాటల దగ్గర ‘ఆయన’, 2003 తర్వాత ‘అతను’ అని మధ్యలో మార్చకండి. డాక్యుమెంటరీ చెప్పని తీర్పు మీరు చెప్పినట్టవుతుంది.

‘మేము’, ‘మనం’ కూడా చూసుకోవాలి. గాయని తన బృందం గురించి చెబుతుంటే ‘మమ్మల్ని రానివ్వలేదు’ అవుతుంది. ‘మనల్ని’ అంటే ఇంటర్వ్యూ చేసేవాడూ ఆ బాధితుల్లో కలిసిపోతాడు. ‘నల్లమ్మాయి’ అని మాత్రం రాయొద్దు, మన చెవికి అది ఒంటి రంగు మీద ఎత్తిపొడుపు. ‘నల్లజాతి’ అనండి.

డబ్బింగ్ అయితే డెబ్బై దాటినావిడ మాటకి పాతికేళ్ల గొంతు పెట్టకండి. విజయవాడలో రేడియో నాటకాలు వేసిన పెద్దావిడలు దొరుకుతారు, అడగండి. ఏడుపు కలపమని చెప్పొద్దు, అసలు ట్రాక్‌లో ఎక్కడ గొంతు ఆగిందో అక్కడే ఆగమనండి. ఏలూరు రోడ్డు వైపు కిటికీ ఉన్న గదైతే హారన్లు తగ్గిన రాత్రిపూట రికార్డు చేసుకోండి. ఫ్యాన్ కట్టేయండి.

చివరగా, రివ్యూలో పోలిక కోసం మన దగ్గరి లైంగిక దాడి కేసు ఏదైనా తెస్తే బాధితురాలి పేరు చెప్పకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. పేరు ఒక్కటే కాదు, గుర్తుపట్టేలా ఏది చెప్పినా తప్పే. ‘గవర్నర్‌పేటలో ఫలానా కాలేజీ పక్క సందు’ అంటే చాలు, ఊరంతా పోల్చేస్తుంది. ఎడిట్‌లో ఆ ముక్క కత్తిరించి, థంబ్‌నెయిల్‌లో కూడా లేదని చూశాకే అప్‌లోడ్ నొక్కండి.