రీఫ్ వాల్ పట్టుకోడానికి కాదు

"గోడ ఉంటది కదన్నా, భయమైతే పట్టుకుంటా." హైదరాబాద్ పూల్‌లో స్కూబా నేర్చుకుని వాల్ డైవ్‌కి, అంటే సముద్రంలో నిట్టనిలువు పగడాల గోడ పక్కన దిగడానికి, బయల్దేరేవాళ్లు చెప్పే మాట ఇది. పట్టుకోవద్దు. అవి ప్రాణమున్న పగడాలు, మీ చెయ్యి పడితే చావొచ్చు. ఫైర్ కోరల్ అయితే మీ చర్మమే భగ్గుమంటుంది.

అసలు చిక్కు గోడతో కాదు, కింద నేల లేకపోవడంతో. గచ్చిబౌలిలో ఒక టవర్ అనుకోండి. టెర్రస్ అంటే నీటి ఉపరితలం, ఫ్లోర్‌కి 3 మీటర్లు. ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు సర్టిఫికెట్‌తో 18 మీటర్లు, అంటే ఆరు ఫ్లోర్లు దిగొచ్చు. బాల్కనీల ముందు మీరు వేలాడుతున్నారు. పూల్‌లో బరువు ఎక్కువైనా కాళ్లు నేలకి తగిలి ఆగిపోతారు, తప్పు బయటపడదు. ఇక్కడ ఆపేది లేదు.

పైగా దిగేకొద్దీ వేగం పెరుగుతుంది. ఒంటికి తొడిగే రబ్బర్ వెట్‌సూట్‌లోని గాలి బుడగలు నీటి ఒత్తిడికి 10 మీటర్ల దగ్గరే సగానికి నలిగిపోతాయి, సూట్ తేలడం తగ్గుతుంది. అందుకే ప్రతి రెండు ఫ్లోర్లకీ లోతు చూపే డైవ్ కంప్యూటర్ చూడండి, బీసీడీలోకి, అంటే గాలి నింపుకుని తేలే జాకెట్‌లోకి, కొంచెం కొంచెంగా గాలి నింపండి. గాలి బటన్ ఒకేసారి నొక్కిపట్టారో, రాకెట్‌లా పైకి పోతారు.

ఇక సిలిండర్. 11 లీటర్ల సిలిండర్, 200 బార్ ఒత్తిడి అంటే దాదాపు 2,200 లీటర్ల గాలి. ఆక్సిజన్ కాదండీ, గాలి! ఒత్తిడి పెరిగేకొద్దీ గాలి ఎక్కువ ఖర్చవుతుంది: టెర్రస్ మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 10 మీటర్ల లోతులో 40 కావాలి, పదో ఫ్లోర్ కింద, అంటే 30 మీటర్ల దగ్గర, 80.

టైమ్ అయిపోతోంది, ఒడ్డు నుంచి నీళ్లలోకి నడిచి దిగే సంగతి గబగబా. బాలిలోని తులాంబెన్‌లో గులకరాళ్లు కాలి కింద దొర్లుతాయి. రబ్బర్ బూట్లు, మడమ తెరిచి ఉండే ఫిన్స్, అంటే కాళ్లకి తొడిగే ఈత రెక్కలు, తీసుకోండి. బీసీడీలో గాలి నింపి, మాస్క్ పెట్టుకుని, గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉంచుకుని, అలల మధ్య విరామం చూసి నడవండి. నడుము లోతు వచ్చాక తోడున్నవాళ్ల భుజం పట్టుకుని ఫిన్స్ తొడగండి. ప్రవాహానికి ఎదురుగా మొదలెట్టండి, మూడో వంతు గాలి ఖర్చవ్వగానే వెనక్కి తిరగండి. తిరుగుదారిలో మెల్లగా పైకి జరుగుతూ రండి.

పైకి నిమిషానికి 9 మీటర్లు, మూడు ఫ్లోర్లు, అంతకు మించొద్దు. ఊపిరి బిగబట్టొద్దు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. వరుసగా డైవ్‌లు చేస్తే, చివరిదానికీ ఇంటికొచ్చే ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా టికెట్ బుక్ చేసుకోండి.