ఈ వ్లాగ్‌లో సగం నల్ల తెరే, ముందే చెప్పేస్తున్నా

హాయ్ అండీ, ఇవాళ్టి వీడియోలో మెట్ల దాకే బొమ్మ వస్తుంది, ఆ తర్వాత అంతా నల్ల తెర, నా గొంతు తప్ప ఏమీ ఉండదు. మీ ఫోన్ పాడైందేమో అని కంగారు పడకండి. న్యూయార్క్‌లో జాజ్ సంగీతం వాయించే ఒక క్లబ్బుకి వెళ్ళాం, లోపల వాళ్ళు వాయిస్తున్నంత సేపూ ఫోటో, వీడియో, ఆడియో ఏదీ తీయకూడదు, ఫోన్ బయటికే తీయకూడదు. నవ్వొచ్చే సంగతి ఏంటంటే, నేను అంత దూరం వెళ్ళిందే ఆ గదిలో తీసిన ఒక రికార్డింగ్ మీద పిచ్చితో. రికార్డింగ్ కోసం పేరు పడ్డ చోట రికార్డింగ్ చేయనివ్వరు. సరే, రూల్ రూలే.

ఇదిగో, గుమ్మం మీద ఈ ఎర్ర గుడ్డ పందిరి కనిపిస్తోందా, తలుపు కూడా ఎర్రదే. న్యూయార్క్, గ్రీనిచ్ విలేజ్, 178 సెవెన్త్ అవెన్యూ సౌత్. దీని పేరు విలేజ్ వ్యాన్‌గార్డ్. జెర్సీ సిటీలో పాత్ రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగి నడుచుకుంటూ వచ్చాం. మా ఆయన దారి పొడవునా ఒకటే ప్రశ్న.

"అరవై ఏళ్ళ పైమాటే, ఎవరో వచ్చి వాయించారు, వెళ్ళిపోయారు. ఇప్పుడు అక్కడేముందే చూడ్డానికి?"

"గోడలున్నాయండీ."

"గోడలకి టికెట్టా?"

ఆయన్ని మార్చాలని నేనేమీ అనుకోలేదు. మూడేళ్ళుగా ఇంట్లో ఆ రికార్డు పెట్టినప్పుడల్లా ఆయన లేచి తలుపేసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతారు. ఒంటరిగా రాత్రిపూట రావడం ఇష్టం లేక తోడు తెచ్చుకున్నాను, అంతే.

ఏ రికార్డు అంటారా. సానీ రోలిన్స్ అని టెనర్ సాక్సఫోన్ ఆయన, 1957 నవంబర్ 3న, ఆదివారం, ఇదే నేలమాళిగలో వాయించింది. ఆయనకి అప్పుడు 27 ఏళ్ళు. (అదే రోజు రష్యా వాళ్ళు లైకా అనే కుక్కని అంతరిక్షంలోకి పంపారు. సంబంధం ఏమీ లేదు, కానీ నాకు ఆ రెండూ ఒకే రోజు జరిగాయని తెలిసినప్పటి నుంచి ఒకటి వింటుంటే రెండోది గుర్తొస్తుంది.) మధ్యాహ్నం ఒక జట్టుతో, రాత్రి ఇంకో జట్టుతో వాయించాడు. మధ్యాహ్నం డ్రమ్స్ మీద కూర్చున్న పీట్ లా రోకాకి 19 ఏళ్ళు. రాత్రి జట్టులో బేస్ (మంద్రంగా మోగే పెద్ద తీగల వాయిద్యం) మీద విల్బర్ వేర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. ఎల్విన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ముగ్గురే. పియానో లేదు. ఈ ముక్క కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ రికార్డు మీద ప్రాణం పెట్టే వాళ్ళందరూ మొదట ఎత్తేది దీన్నే. మామూలుగా జాజ్‌లో పియానో వాయించే మనిషి కింద స్వరాల గుత్తులు పరుస్తూ ఉంటాడు, పైన వాయించే వాడికి అది నడిచే నేల లాంటిది, ఎక్కడున్నామో అడుగడుగునా తెలుస్తుంది. ఆ నేల తీసేస్తే బేస్ ఒక్కటే దారి చూపించాలి, మిగతాదంతా సాక్సఫోన్ తలలో ఉండాలి. పల్లవి ఎక్కడుందో వినేవాడికి కూడా వాయిద్యమే చెప్పాలి. రోలిన్స్ అదే ఏడాది మార్చిలో లాస్ ఏంజిలస్ స్టూడియోలో ఇలా పియానో లేకుండా ఒక రికార్డు చేశాడు, అది మంచిదే, కానీ స్టూడియోలో తప్పు పోతే మళ్ళీ వాయించుకోవచ్చు. ఇక్కడ ఎదురుగా జనం కూర్చుని ఉన్నారు. ఆయన ఒక మాట ఎత్తుకుంటాడు, దాన్ని సగంలో విరుస్తాడు, వదిలేశాడనుకుంటాం, రెండు నిమిషాల తర్వాత అదే ముక్కని తలకిందులుగా తెచ్చి మన ముందు పెడతాడు. నాకైతే మంచి అవధాని అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెప్పి, నవ్వించి, మళ్ళీ పద్యం ఆపిన చోట పట్టుకున్నట్టు ఉంటుంది.

రికార్డు చేసినాయన కథ ఇంకా బాగుంటుంది. రూడీ వాన్ గెల్డర్. అప్పటికి ఆయన పగలు కళ్ళు పరీక్ష చేసి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు. రికార్డింగ్ ఏమో న్యూజెర్సీ హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లో! 1950లలో బ్లూ నోట్ కంపెనీ రికార్డుల్లో చాలా వరకు ఆ హాల్లో పుట్టినవే. మేం హ్యాకెన్‌సాక్ మీదుగా ఎన్నిసార్లు కారులో వెళ్ళామో, ఎప్పుడూ ఎవరూ నాకు చెప్పలేదు. అలాంటి మనిషి తన సామాను మోసుకుని ఈ మెట్లు దిగాడు. ఆ రికార్డు మోనో, అంటే కుడి ఎడమ లేవు, అంతా ఒకే చోటి నుంచి వస్తుంది. అయినా గది పరిమాణం తెలిసిపోతుంది వింటుంటే. చప్పట్లు మొదలైనప్పుడు అవి ఎంత దగ్గర గోడకి తగిలి వస్తున్నాయో చెవికి తెలుస్తుంది. పెద్ద హాలు చప్పట్లు వానలాగా ఉంటాయి, ఇవి అలా కాదు, ఎవరివి వాళ్ళవి లెక్కపెట్టొచ్చేమో అనిపిస్తుంది.

ఇదిగో మెట్లు. పదిహేను. చాలా నిటారుగా ఉన్నాయి, మా ఆయన తల వంచుకుని దిగుతున్నారు చూడండి. ఇక్కడితో కెమెరా ఆపేస్తున్నా.

ఇప్పుడు నల్ల తెర.

లోపల ఎలా ఉందంటే, మీరు ఊహించుకున్న దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. ఒకవైపు వెడల్పుగా మొదలై అటు చివరికి సన్నబడిపోయే గది, కోసిన ముక్కలా. ఆ సన్నపు చివరే వేదిక. 123 మందికి మించి పట్టరు. గోడల మీద ఇక్కడ వాయించిన వాళ్ళ ఫోటోలు. మ్యాక్స్ గోర్డన్ అనే ఆయన 1935లో మొదలుపెట్టారు దీన్ని, మొదట్లో కవిత్వం చదివేవాళ్ళు, హాస్యం చెప్పేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు వచ్చేవారు, 1957 నుంచి జాజ్ చోటుగా స్థిరపడింది. 1989లో ఆయన పోయాక భార్య లొరైన్ 2018లో తాను చనిపోయే దాకా నడిపారు.

మా పక్క కుర్చీలో ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి. నేను గోడల వైపు మెడ తిప్పి తిప్పి చూస్తుంటే నవ్వి, "మీరు రోలిన్సా, కోల్ట్రేనా?" అని అడిగారు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, తిన్నగా ఇదే. మనవాళ్ళు ఒకప్పుడు ఎన్టీయారా ఏఎన్నారా అని అడిగినట్టు. నేను రోలిన్స్ అన్నాను. ఆయన పాపం అన్నట్టు తల ఊపారు. ఆయన కోల్ట్రేన్ మనిషి, అంటే జాన్ కోల్ట్రేన్ అనే ఇంకో సాక్సఫోన్ ఆయన అభిమాని.

ఇక్కడే అసలు విషయం. రోలిన్స్ రికార్డుకి సరిగ్గా నాలుగేళ్ళ తర్వాత, 1961 నవంబర్ మొదటి వారంలో, జాన్ కోల్ట్రేన్ ఇదే గదిలో వాయించాడు. రికార్డు చేసింది మళ్ళీ వాన్ గెల్డరే. డ్రమ్స్ మీద మళ్ళీ ఎల్విన్ జోన్సే. పైగా ఇద్దరూ వాయించిన పాట ఒకటి ఉంది, 1928లో ఒక సంగీత నాటకం కోసం సిగ్మండ్ రాంబర్గ్ కట్టిన ప్రేమ పాట, 'సాఫ్ట్లీ, యాజ్ ఇన్ ఎ మార్నింగ్ సన్‌రైజ్'. అదే గది, అదే పాట, అదే డ్రమ్స్ మనిషి, అదే ఇంజనీరు. మారిన వాళ్ళలో ముఖ్యం సాక్సఫోన్ పట్టుకున్న మనిషే. అభిమానులకి ఇంతకన్నా ఏం కావాలండీ, కూర్చోబెట్టి కొట్టుకోమని ఎవరో చెప్పినట్టే కదా.

రోలిన్స్ టెనర్ మీద వాయిస్తే ఆ పాట తీరుబడిగా నడుస్తుంది. ప్రేమ పాట అని అందరికీ తెలుసు కాబట్టి ఆయన దాన్ని కొంచెం ఆటపట్టిస్తాడు, పదాలు నమిలి వదిలినట్టు, కానీ ఎగతాళి కాదు. కోల్ట్రేన్ అసలు మొదట వాయించడు. మెకాయ్ టైనర్ పియానో మీద పాట ఎత్తుకుని చాలాసేపు లాగుతాడు, ఎల్విన్ బ్రష్‌లతో చర్మం నిమురుతున్నట్టు వాయిస్తుంటాడు, మనం ఇది పియానో వాళ్ళ రికార్డు కాబోలు అనుకునే సమయానికి కోల్ట్రేన్ సన్నటి గొంతుండే సోప్రానో సాక్సఫోన్‌తో లోపలికి వస్తాడు, ఆ క్షణంలో ఎల్విన్ బ్రష్‌లు పడేసి కర్రలు అందుకుంటాడు. ఆ మార్పు నేను ఎన్నిసార్లు విన్నానో, ప్రతిసారీ కుర్చీలో కొంచెం ముందుకి జరుగుతాను. రోలిన్స్ పార్టీ అయ్యుండి కూడా ఇది ఒప్పుకోవాలి. పెద్దాయనకి ఒప్పుకున్నాను కూడా. ఆయన మొహం వెలిగిపోయింది.

కోల్ట్రేన్ వాయించే తీరు అప్పట్లో అందరికీ నచ్చలేదు. డౌన్ బీట్ అనే జాజ్ పత్రికలో ఒక విమర్శకుడు కోల్ట్రేన్ అప్పటి సంగీతాన్ని 'యాంటీ జాజ్' అని రాశాడు. ఆ తర్వాత రికార్డు బయటికొస్తే 1962లో అదే పత్రిక ఇద్దరితో రెండు సమీక్షలు రాయించింది. గొడవంతా ఎక్కువగా 'చేజిన్ ద ట్రేన్' అనే పదహారు నిమిషాల ముక్క గురించి. పన్నెండు బార్ల, అంటే పన్నెండు తాళపు గళ్ళ, బ్లూస్ వరస, మళ్ళీ మళ్ళీ మళ్ళీ, పియానో లేదు, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలీదు. నేను మొదటిసారి నాలుగో నిమిషంలో ఆపేశాను. నిజం చెప్తున్నా. రెండోసారి తొమ్మిది దాకా. మొత్తం వినడానికి నాకు నెల పట్టింది.

పెద్దాయన మాత్రం 1997లో వచ్చిన నాలుగు సీడీల పెట్టె గురించి చెప్పుకుంటూ పోయారు. ఆ రాత్రుల్లో తీసినవి 22 ముక్కలు అందులో ఉన్నాయి, ఒకే పాట నాలుగు రకాలుగా. మనలాంటి వాళ్ళకి అందులో 'ఇండియా' నాలుగు సార్లు ఉండటం పండగ. కోల్ట్రేన్ మన సంగీతం బాగా వినేవాడు, తర్వాత పుట్టిన కొడుక్కి పండిట్ రవిశంకర్ పేరే పెట్టుకున్నాడు. ఆ ముక్కలో రెండు బేస్‌లు పెట్టాడు, కింద శ్రుతిలా మోగుతూనే ఉంటుంది, స్వరాల గుత్తులు మారవు, ఉన్నచోటే ఉండి లోపలికి వెళ్ళడం. తంబురా విని పెరిగిన చెవికి అది కొత్తగా అనిపించదు, పరాయి ఇంట్లో మన తలుపు గడియ చప్పుడు విన్నట్టు ఉంటుంది. ఇది చెప్తే పెద్దాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. నాకు భలే గర్వం వేసింది, అంత గొప్ప మాటేం కాదు గానీ.

అంతలో దీపాలు తగ్గించారు. ఆ రాత్రి వాయించింది ఒక నలుగురు కుర్రాళ్ళ జట్టు, టెనర్, పియానో, బేస్, డ్రమ్స్. బాగా వాయించారు. కానీ నేను చెప్పాలనుకున్నది వాళ్ళ గురించి కాదు. మూడో పాట మధ్యలో ఎక్కడో వెనక ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టారు, టక్ మని. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ చప్పుడు ఈ గదిలో ఎలా తిరిగొస్తుందో నాకు ముందే తెలుసు! చప్పట్లు మొదలైనా అంతే, ఎవరో దగ్గినా అంతే. ఎప్పుడూ అడుగు పెట్టని గదికి నా చెవులు మూడేళ్ళుగా వచ్చి పోతున్నాయన్నమాట. లైవ్ రికార్డింగ్ కోసం జనం ఎందుకు పడి చస్తారని ఎవరైనా అడిగితే నేను ఇంతకు ముందు వాయించే తెగువ, తప్పు దిద్దుకోలేని టెన్షన్, ఇవే చెప్పేదాన్ని. ఆ గ్లాసు సంగతి చెప్పేదాన్ని కాదు. వాయించిన వాళ్ళు మారిపోతారు, విన్నవాళ్ళు మారిపోతారు, ఆ గది మాత్రం వాయిద్యంలో కలిసిపోయి రికార్డులోకి వచ్చేసింది. స్టూడియోలో దాన్ని రానివ్వకుండా చేయడానికే గోడలకి దుప్పట్లు కడతారు.

ఇదంతా మా ఆయనకి గుసగుసగా చెప్పబోతే "ష్" అన్నారు. నన్ను! ఆయన కళ్ళు డ్రమ్స్ మీద ఉన్నాయి.

బయటికొచ్చాక, ఇదిగో బొమ్మ మళ్ళీ వచ్చింది, ఇది రైలు స్టేషన్‌కి వెళ్ళే దారి. మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

"ఆ రెండు రికార్డుల్లోనూ డ్రమ్స్ ఒకడే అన్నావు కదా?"

"అవునండీ, ఎల్విన్ జోన్స్."

"మరి మీరిద్దరూ రోలిన్సా కోల్ట్రేనా అని కొట్టుకోవడం దేనికే? ఉన్నది ఒకడేగా."

రైల్లో రెండూ పక్కపక్కన వినిపించాను. 1957 ముక్క ముందు, 1961 ముక్క తర్వాత. ఎల్విన్ వాయించేటప్పుడు గొంతులోంచి ఒక మూలుగు లాంటిది వస్తుందని చెప్పాను, అంతే, సాక్సఫోన్ వదిలేసి దాన్ని వెతకడం మొదలుపెట్టారు. మా స్టేషన్ వచ్చినా లేవరే.

ఇది జరిగి పది రోజులైంది. ఇప్పుడు నా బాధ వేరు. పాట నేను పెట్టక ముందే పెట్టేస్తున్నారు, అది కూడా రోలిన్స్ వాయిస్తుంటే "కొంచెం ఆ పీక తగ్గించి వెనకది పెంచడం కుదరదా?" అంటున్నారు. మోనో రికార్డులో కుదరదని ఎన్నిసార్లు చెప్పాలి. సోమవారం పొద్దున ఆఫీసు మీటింగులో మైక్ ఆపడం మర్చిపోయి రెండు పెన్సిళ్ళతో బల్ల మీద మొదలుపెట్టారు. అటు నుంచి ఎవరో ఇంట్లో రిపేరు పని జరుగుతోందా అని అడిగారు. మా ఆయన సారీ చెప్పి, మైక్ ఆపుకుని, మళ్ళీ అందుకున్నారు.