పంట్లో సిమెంట్ పెడితే నరం ఎలా బతుకుతుంది?

హోస్ట్: నమస్కారం. ఈ వారం మా అక్కని పట్టుకొచ్చాను. రూట్ కెనాల్ స్పెషలిస్ట్. అక్కా, మొన్న మన ఫ్యామిలీ గ్రూపులో ఒకటి తిరిగింది చూశావా? ఇక ఫిల్లింగులు అక్కర్లేదట, పుచ్చిన పన్ను దానంతటదే పెరుగుతుందట.

డాక్టర్: చూశాను. ఏ పొర పెరుగుతుందో మాత్రం అందులో రాయలేదు. పైన తెల్లగా కనిపించే ఎనామెల్‌లో దాదాపు 96 శాతం ఖనిజమే. దాన్ని కట్టిన కణాలు పన్ను చిగురులోంచి బయటికొచ్చేసరికే పోతాయి. అక్కడ గుంత పడితే పూడ్చేవాళ్లు లేరు. దాని కింద ఉండే డెంటిన్ సంగతి వేరు. జనం నరం అంటారే, ఆ పల్ప్ అంచున ఒడాంటోబ్లాస్టులనే కణాలు బతికే ఉంటాయి. పుచ్చు దగ్గరికొస్తోందంటే కొత్త డెంటిన్ పేర్చుకుంటూ పోతాయి. కాకపోతే వాటి వేగం కన్నా పుచ్చు వేగం ఎక్కువ.

హోస్ట్: మరి ఆ వార్త అబద్ధమా?

డాక్టర్: అబద్ధం కాదు రా, ఎలుకలది. 2017లో లండన్ కింగ్స్ కాలేజీలో పాల్ షార్ప్ బృందం చేసింది. టైడ్‌గ్లూసిబ్ అని, అంతకుముందు అల్జీమర్స్ కోసం పరీక్షించిన మందు. కొలాజెన్ స్పాంజి ముక్కకి దాన్ని పట్టించి ఎలుక పంట్లో పెట్టారు. స్పాంజి కరిగేకొద్దీ ఆ జాగాలో డెంటిన్ వచ్చింది. పని చాలా బాగుంది. కానీ ఆ గుంత ఎంతో తెలుసా? 0.13 మిల్లీమీటర్లు. నా దగ్గరికి వచ్చేవాళ్ల పంట్లో గుంతలు చూస్తే ఆ ఎలుకలు నవ్వుతాయి.

హోస్ట్: అయితే ఇప్పుడు నీ క్లినిక్‌లో అలాంటిదేమీ లేదన్నమాట.

డాక్టర్: ఎందుకు లేదు? సిమెంట్ ఉంది.

హోస్ట్: సిమెంటా? ఇంటికి వాడేదా?

డాక్టర్: దాని చుట్టమే. 1990ల్లో కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో మహ్మూద్ తొరాబినెజాద్ గారు ఎంటీఏ అని ఒకటి తెచ్చారు. అసలు సరుకు పోర్ట్‌లాండ్ సిమెంటే. శుద్ధి చేసి, ఎక్స్‌రేలో కనపడాలని బిస్మత్ ఆక్సైడ్ కలిపారు. వినేవాళ్లెవరూ దయచేసి బస్తా విప్పకండి, దాంట్లో ఉండకూడని లోహాలు కూడా ఉంటాయి.

హోస్ట్: సిమెంట్ పెడితే పన్ను ఎందుకు ఒప్పుకుంటుంది?

డాక్టర్: తడి తగిలితేనే గట్టిపడుతుంది కాబట్టి, ముందు అది మనకి వరం. నోట్లో అంతా తడేగా. గట్టిపడుతూ కాల్షియం హైడ్రాక్సైడ్ వదులుతుంది, పీహెచ్ 12 దాకా పోతుంది. ఆ క్షారంలో సూక్ష్మక్రిములు నిలవలేవు. ఇంకోటుంది, నాకు బాగా ఇష్టమైన సంగతి. పన్ను తయారైనప్పుడే డెంటిన్ లోపల కొన్ని గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాల్ని పెరగమని పురమాయించే ప్రొటీన్లు, చిక్కుకుపోతాయి. ఈ సిమెంట్ వాటిని కాస్త కరిగించి విడుదల చేస్తుంది. అవి అందగానే పల్ప్‌లోని మూలకణాలు వచ్చి గోడ కట్టడం మొదలుపెడతాయి. వారాలు, నెలలు పడుతుంది, కానీ కడతాయి.

హోస్ట్: పెట్టేటప్పుడు ఎలా ఉంటుంది?

డాక్టర్: పుచ్చు తీస్తూ తీస్తూ ఉంటే ఒకచోట సూది మొనంత ఎర్ర చుక్క కనపడుతుంది. నరం బయటపడిందన్నమాట. మందులో తడిపిన దూది అక్కడ అదిమిపెట్టి చూస్తాను. కొన్ని నిమిషాల్లో రక్తం ఆగితే నాకు ధైర్యం. ఆగకపోతే లోపల వాపు ముదిరిందని అర్థం. పాత ఎంటీఏ పెట్టడం మాత్రం నరకం. తడి ఇసుకలా రాలిపోతుంది, గట్టిపడటానికి రెండున్నర గంటల పైనే. పైగా బిస్మత్ వల్ల పన్ను నల్లబడుతుంది, ముందు పళ్లకి పనికిరాదు. తర్వాత బయోడెంటిన్ అని అదే జాతి సిమెంట్ ఇంకోటి వచ్చింది. క్యాప్సూల్‌లో పొడి ఉంటుంది, అందులో ఐదు చుక్కల ద్రవం వేసి మిషన్లో 30 సెకన్లు తిప్పితే మెత్తటి ముద్ద. 12 నిమిషాల్లో బిగుస్తుంది. బిస్మత్ బదులు జిర్కోనియం ఆక్సైడ్. ఖరీదే కొంచెం కడుపుమంట.

హోస్ట్: స్కూళ్లలో క్యాంపులు పెట్టి వేస్తారే, అది కూడా ఇదేనా?

డాక్టర్: కాదు, అది గ్లాస్ అయానమర్ అని వేరే రకం ఫిల్లింగ్. 1969లో లండన్‌లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు కనిపెట్టారు. పంటి కాల్షియాన్ని రసాయనికంగా పట్టుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతూ ఉంటుంది. కరెంటు లేని ఊళ్లో డ్రిల్ లేకుండా చేతి పరికరాలతో పుచ్చు గీకి వేయొచ్చు. 1980ల్లో టాంజానియాలో ఆ పద్ధతి మొదలైంది. గట్టిగా నమిలే చోట అరిగిపోతుంది, అదొక్కటే దాని జబ్బు.

హోస్ట్: ఫ్లోరైడ్ అంటే మన నల్గొండ వాళ్లు ఉలిక్కిపడతారు కదా.

డాక్టర్: ఉలిక్కిపడాల్సిందే, నీళ్ల విషయంలో. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లూ ఎముకలూ పాడవుతాయి. ఫిల్లింగ్‌లోంచి వచ్చేది ఆ పన్ను చుట్టూ పనిచేసే పిసరంత. రెండూ ఒకటి కాదు.

హోస్ట్: రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే? అప్పుడిక రూట్ కెనాలేగా?

డాక్టర్: మాకు కాలేజీలో అలాగే నేర్పారు. చల్లది తగిలి వెంటనే తగ్గే జివ్వు అయితే నరాన్ని కాపాడొచ్చు, ఊరికే సలిపే నొప్పయితే మొత్తం తీసెయ్యమని. ఇప్పుడు ఆ గీత చెరుగుతోంది. పైన పాడైన పల్ప్ మాత్రమే కోసేసి, పంటి వేళ్లలో ఉన్నది వదిలి, మీద ఈ సిమెంట్ వేస్తున్నాం. చాలా పళ్లు నిలబడుతున్నాయి. ఇలా చేసినవాళ్లని ఆరు నెలలకి, ఏడాదికి రమ్మంటే రారు. ఫోన్ చేస్తే, నొప్పి లేదు కదండీ అంటారు. నరం చచ్చిపోయినా నొప్పి ఉండదు మరి. బతికుందో లేదో ఎక్స్‌రే తీసి, వేరు చివర నల్లటి మచ్చ ఉందేమో చూస్తే తప్ప నాకు తెలీదు.