యాభై పౌండ్ల బాకీ, ఒక రష్యన్ రాయబారి

శ్రోతలకు నమస్కారం. పరాయి దేశపు రాయబారిని అరెస్టు చెయ్యకూడదని ఇవాళ అందరికీ తెలుసు. ఇంగ్లండులో ఆ సంగతి చట్టంగా కాగితం మీదికి ఎక్కింది ఒక రష్యన్ రాయబారి వల్ల. ఆయన పేరు ఆంద్రేయ్ మత్వేయెవ్.

పుట్టింది 1666లో. తండ్రి జారు, అంటే రష్యా చక్రవర్తి, కొలువులో మంత్రి. 1682లో మాస్కో సిపాయిల తిరుగుబాటులో ఆయన్ని చంపేశారు. కొడుకు ఆంద్రేయ్ జారు పీటరు పక్షాన నిలిచాడు. 1699లో పీటరు ఆయన్ని రాయబారిగా హాలండులోని హేగ్ నగరానికి పంపాడు. 1712 దాకా ఆయన మకాం అక్కడే. మధ్యలో పారిస్ వెళ్లి వర్తక ఒప్పందానికి ప్రయత్నించాడు, కుదరలేదు. 1707లో లండన్ వెళ్లాడు.

అప్పుడు రష్యా స్వీడన్‌తో యుద్ధంలో ఉంది. బ్రిటన్ రాణి ఆన్ మధ్యవర్తిగా ఉండి సంధి కుదర్చాలని ఆయన అడిగాడు. ఫ్రాన్సుతో పోరాడుతున్న బ్రిటన్‌కు, గెలుపు మీదున్న స్వీడన్ రాజుతో తగువు పెట్టుకునే ఉద్దేశం లేదు. చూద్దాం, చూద్దాం అంటూనే ఏడాది గడిపేశారు. 1708 జూలైలో ఆయన రాణి దగ్గర సెలవు తీసుకుని ప్రయాణానికి సిద్ధమయ్యాడు.

అప్పులిచ్చిన వర్తకులకు ఆ వార్త తెలిసింది. మనిషి సముద్రం దాటితే బాకీ వసూలు కాదు. అందుకని కోర్టు అమీనాలను తీసుకొచ్చారు. వాళ్లు నడివీధిలో రాయబారి బండి ఆపి, ఆయన్ని బండిలోంచి దించి తీసుకుపోయారు. ఎంత బాకీకి? యాభై పౌండ్లకు!

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. నేను రాయబారిని, నన్ను వదలండి అని ఆయన తన హక్కును కోర్టులో అడగలేదు. మామూలు బాకీదారులాగా జామీను ఇచ్చి బయటికొచ్చాడు. మర్నాడు రాణికి ఫిర్యాదు చేశాడు.

అరెస్టులో పాల్గొన్నవాళ్లను ప్రీవీ కౌన్సిల్, అంటే రాణి సలహా మండలి, ముందు విచారించి పదిహేడు మందిని జైలుకు పంపారు. వాళ్లలో చాలామంది మీద కేసు పెట్టారు. జ్యూరీ జరిగిన సంగతులు నిజమేనంది. అది ఏ చట్టం కింద నేరం అన్న ప్రశ్న మాత్రం తేలనే లేదు. పీటరు అమీనాలనే కాదు, వాళ్ల పై అధికారి అయిన మిడిల్‌సెక్స్ జిల్లా షెరీఫుని కూడా వెంటనే చంపెయ్యమన్నాడు. చట్టం ఒప్పుకోనిదే నా ప్రజల్లో అతి సామాన్యుణ్ణి కూడా శిక్షించలేనని రాణి కబురు పంపింది. ఈ కథలో నాకు బాగా నచ్చే మాట అదే. పరాయి రాజు ఎంత కోప్పడినా, లేని చట్టం కింద ఎవరి ప్రాణమూ తియ్యలేదు.

లేని చట్టాన్ని 1709 ఏప్రిల్‌లో చేశారు. రాయబారి మీదా, ఆయన నౌకర్ల మీదా తెచ్చే అరెస్టు, జప్తు వారెంట్లు చెల్లవు. తెచ్చినవాడూ, అమలు చేసినవాడూ శిక్షార్హులే. దొంగ నౌకర్లు పుట్టుకురాకుండా ఒక ఏర్పాటు కూడా చేశారు: నౌకరు పేరు ప్రభుత్వ కార్యదర్శి దగ్గర నమోదై, షెరీఫు కార్యాలయానికి చేరి ఉండాలి. పేరు అక్కడ లేకపోతే, అతన్ని పట్టుకున్న అమీనాను శిక్షించడానికి వీల్లేదు.

కొద్ది నెలలకే పోల్తావా దగ్గర పీటరు స్వీడన్‌ను చిత్తుచేశాడు. 1710 ఫిబ్రవరిలో చార్లెస్ విట్‌వర్త్ ప్రత్యేక రాయబారిగా మాస్కో కొలువులో రాణి తరఫున క్షమాపణ చెప్పాడు. అందంగా రాయించి, రంగులద్దించిన చట్టం ప్రతి కూడా మాస్కో చేరింది. పోల్తావా గెలుపు లేకుంటే ఆ క్షమాపణ అంత ఘనంగా జరిగేదా అన్నది నా అనుమానం. మత్వేయెవ్ తర్వాత వియన్నాలో పనిచేసి, సెనేటరై, 1728లో చనిపోయాడు.

మరి ఇవాళ బాకీ సంగతి? రక్షణ ఉన్నంత మాత్రాన అప్పు తీరినట్టు కాదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం విదేశీ రాయబారి మీద దావా వెయ్యాలంటే ముందు కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించాలి. రక్షణను వదులుకునే అధికారం 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఆయన్ని పంపిన దేశానిది. అదీ స్పష్టంగా చెప్పాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: దావాకు ఒప్పుకున్నంత మాత్రాన డిక్రీ అమలుకు ఒప్పుకున్నట్టు కాదు, దానికి మళ్లీ విడిగా సమ్మతి కావాలి. కాబట్టి రాయబారికి ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అద్దె ముందుగానే తీసుకోవడం మంచిది.