టీషర్టులు చాలు, తాడు కావాలి

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోవద్దు.

కంపెనీల విరాళాలు, ప్రకృతి సంరక్షణ గురించి మాట్లాడమన్నారు. 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షన్. ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు దేనికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో పర్యావరణం ఉంది, వన్యప్రాణులున్నాయి. తమ చుట్టుపక్కల ఊళ్లకే ముందు ఇవ్వాలనీ ఉంది. చట్టం బాగానే ఉంది సార్.

మేం ఆదివారాలు పిల్లల్ని రేగొండ దగ్గర పాండవుల గుట్టలకు తీసుకెళ్తాం. ఆదిమానవులు గీసిన బొమ్మలు చూపిస్తాం, రాళ్లెక్కడం నేర్పిస్తాం. నేర్పించేవాళ్లం అనాలి. తాడు పాతబడి పైపొర పీచు లేచింది. దాని మీద ఎవరి పిల్లనైనా ఎలా వేలాడదీస్తాను?

ఓ కంపెనీకి దరఖాస్తు పెట్టాం. ఇది ఏ పద్దు కిందికి వస్తుందని అడిగారు. షెడ్యూల్లో ఒలింపిక్ క్రీడలున్నాయి, గోడలెక్కే పోటీ టోక్యో ఒలింపిక్స్‌లోనే చేరింది కదా అన్నాను. నవ్వి ఫైలు తీసుకున్నారు. మూడు నెలలకు ఆటోలో రెండు పెట్టెలొచ్చాయి. తాళ్లేనని పిల్లలు ఎగబడ్డారు. విప్పితే టీషర్టులు! రెండు వందలు! వీపు మీద జానెడు లోగో. మా పిల్లలు ముప్పై మంది. నా స్కూటర్ ఇప్పటికీ వాటితోనే తుడుస్తున్నాను.

మొక్కలదీ ఇదే కథ. వానాకాలంలో బ్యానరు, ఫోటో, గుంతలో ఓ చెంబు నీళ్లు. ఏప్రిల్లో ట్యాంకరుకు డబ్బులడిగితే ఫోన్ ఎత్తరు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు కూలిపోయాయి, మీరంతా చూశారు. అలాంటి చోట మళ్లీ చెట్టు లేవాలంటే పశువులు మేయకుండా ఏళ్ల తరబడి కాపలా ఉండాలి. కాపలా మనిషి జీతానికి రిబ్బన్ కటింగ్ ఉండదు మరి.

ఈ హాల్లో కంపెనీల వాళ్లెవరో ఒకసారి చేతులెత్తండి. నలుగురు. పిల్లలూ, ఆ నలుగుర్నీ బాగా చూసి పెట్టుకోండి.

సార్, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి హన్మకొండ బస్టాండులో ఉంటాం. ఒక్కరు రండి. ఆ తాడు చేత్తో పట్టుకుని చూడండి. టిఫిన్ మాదే. టీషర్టు కూడా ఇస్తాం, అన్ని సైజులూ ఉన్నాయి.