చేతిలో వాయిద్యం లేని మాస్టారు

శ్రోతలకు నమస్కారం.

కచేరీ రోజున స్టేజీ మీద అరవై మంది పిల్లలుంటారు. ముందు వరసలో ఫ్లూట్లు, క్లారినెట్లు, వెనక ట్రంపెట్లు, ఆ వెనక డ్రమ్ములు. వాళ్ళకు ఎదురుగా, మనకు వీపు మాత్రమే కనబడేలా ఒక మనిషి నిలబడతాడు. ఆయన చేతిలో సన్నని పుల్ల తప్ప ఇంకేమీ ఉండదు. గంటసేపూ ఒక్క స్వరం కూడా ఆయన పలికించడు. చప్పట్లు మోగగానే మనవైపు తిరిగి, తల వంచి, పిల్లల్ని లేచి నిలబడమని చెయ్యి చూపిస్తాడు. స్కూలు బ్యాండ్ మాస్టారి ఉద్యోగంలో బయటివాళ్ళ కంటపడేది ఈ కాస్తే. మాస్టారు అంటున్నాను గానీ, మేడమ్ కూడా కావచ్చు.

అసలు పని ఎప్పుడో, వాయిద్యాలు పంచే రోజునే మొదలవుతుంది. "నువ్వేం వాయిస్తావ్?" అని అడిగితే సగం మంది డ్రమ్స్ అంటారు, మిగతావాళ్ళలో ఎక్కువమంది శాక్సఫోన్ అంటారు. ట్యూబా కావాలని అడిగే పిల్లలు అరుదు, అది వాళ్ళకంటే పెద్దదిగా కనిపిస్తుంది మరి! కానీ ఇరవై డ్రమ్ములు పెట్టుకుని బ్యాండ్ నడవదు కదా. అందుకని మాస్టారు ఒక్కొక్కరి పెదవులు, పళ్ళ వరస, వేళ్ళు చూస్తాడు. ట్రాంబోన్ గొట్టాన్ని చివరిదాకా జరపాలంటే చెయ్యి పొడుగు ఉండాలి. క్లారినెట్ రంధ్రాల మీద వేలికొన పూర్తిగా ఆనాలి, కాస్త సందు మిగిలినా కీచుమంటుంది. ఫ్రెంచ్ హారన్‌లో పక్కపక్క స్వరాలు మరీ దగ్గరగా ఉంటాయి, పెదవి రవ్వంత అటూ ఇటూ అయితే పక్క స్వరం పలుకుతుంది. పది మందిలో తప్పు వాయించినా ఏడవని పిల్ల ఎవరో కనిపెట్టి ఆ హారన్ చేతిలో పెట్టాలి. ఇది ఏ పరీక్షలోనూ నేర్పరు.

ఈ పంచడం ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి ఒక్క కథ చాలు. 1912 డిసెంబరు 31 రాత్రి అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పదకొండేళ్ళ కుర్రాడు సంబరంలో గాల్లోకి పిస్తోలు పేల్చాడు. పోలీసులు పట్టుకుని నల్లజాతి పిల్లల సంస్కరణ గృహానికి పంపారు. అక్కడి బ్యాండ్ మాస్టారు పీటర్ డేవిస్. చెడ్డ వీధి నుంచి వచ్చిన పిల్లాడని ఆయన మొదట వీణ్ణి దగ్గరకు రానివ్వలేదు. తర్వాత ఒక రోజు కంజీర లాంటి టాంబొరిన్ ఇచ్చాడు. అది బాగా వాయిస్తే డ్రమ్, ఆ తర్వాత ఆల్టో హారన్, ఆపైన బ్యూగుల్, చివరికి ట్రంపెట్ లాంటి కార్నెట్. కొన్నాళ్ళకు బ్యాండ్‌కి నాయకుణ్ణే చేశాడు. ఆ కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. జాజ్ సంగీతంలో అంతకంటే పెద్ద పేరు చెప్పడం కష్టం. నాకు మాత్రం ఇందులో గొప్పగా తోచేది కార్నెట్ కాదు, ఆ టాంబొరిన్. నచ్చని పిల్లాడి చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టి, ఏం చేస్తాడో చూద్దాం అనుకోవడం.

ఇక రిహార్సల్ గదిలోకి వద్దాం. ఇక్కడ మొదటి తలనొప్పి శ్రుతి. పాశ్చాత్య సంగీతంలో స్వరాలకు ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు. కాగితం మీద "సి" అని ఉన్న స్వరం ఫ్లూట్ మీద వాయిస్తే సి యే వినిపిస్తుంది. అదే ట్రంపెట్, క్లారినెట్ మీద వాయిస్తే బి ఫ్లాట్, ఆల్టో శాక్సఫోన్ మీద ఇ ఫ్లాట్, ఫ్రెంచ్ హారన్ మీద ఎఫ్. ఒక్కో వాయిద్యానికి ఒక్కో ఆధార షడ్జమం అనుకోండి. అందరూ ఒకే స్వరం పలకాలంటే ఒక్కొక్కరి కాగితంలో ఒక్కో స్వరం రాసి ఉండాలి. పిల్లల దగ్గర ఎవరి కాగితం వాళ్ళకే ఉంటుంది. వాటన్నిటినీ ఒకే పేజీలో, ఇరవై వరసల్లో చూస్తూ, చెవితో సరిపోల్చుకుంటూ ఉండేది మాస్టారొక్కడే. పైగా గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది. ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 343. ఊదే వాయిద్యాలన్నీ ఆ వేగాన్ని బట్టే పలుకుతాయి. అందుకే కాసేపు వాయించి, గొట్టాలు వెచ్చబడ్డాక గానీ శ్రుతి సరిచూడరు.

"వినండి, పక్కవాళ్ళని వినండి" అని ఏడాది పొడుగునా చెప్పిన మాస్టారే కవాతుకి మైదానంలోకి వచ్చేసరికి "వినకండి, నన్ను చూడండి" అంటాడు. పాపం పిల్లలు! కానీ లెక్క ఉంది. 34 మీటర్లు రావడానికి శబ్దానికి సెకనులో పదో వంతు పడుతుంది. అంత దూరంలో ఉన్న ట్రంపెట్ కుర్రాడు డ్రమ్ము విని వాయిస్తే, వాడి శబ్దం తిరిగి డ్రమ్ము దగ్గరికి వెళ్ళేసరికి ఇంకో పదో వంతు. నిమిషానికి 120 అడుగుల కవాతులో అడుగుకీ అడుగుకీ మధ్య ఉండేది అర సెకనే. రెండు పదో వంతులు పోతే తాళం తప్పినట్టే. కంటికి ఆ ఆలస్యం ఉండదు కాబట్టి అందరూ మాస్టారి చెయ్యి చూడాలి.

ఈ ఉద్యోగానికి చెవులే పెట్టుబడి, అరిగేవీ అవే. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటల వరకే ఉండాలని ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న హద్దు. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది. అరవై మంది ఒకేసారి గట్టిగా ఊదే గదిలో 90 దాటడం మామూలే. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవడానికి చాలామంది మాస్టార్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం నాకు బొత్తిగా నచ్చదు.

షికాగోలో కెప్టెన్ వాల్టర్ డయట్ అనే మాస్టారు 1930ల నుంచి 1960ల దాకా హైస్కూలు పిల్లలకు సంగీతం నేర్పాడు. జాజ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న నాట్ కింగ్ కోల్, డైనా వాషింగ్టన్, జీన్ ఆమన్స్ ఆయన విద్యార్థులే. మహా కఠినుడని పేరు. అయితే అలాంటి వాళ్ళు తప్ప మిగతా వందలమంది ఏమయ్యారు? అందరిలాగే ఉద్యోగాల్లో చేరి ఉంటారు, వాయిద్యం పెట్టె అటక ఎక్కి ఉంటుంది. ఏ మాస్టారి లెక్క తీసినా ఎక్కువమంది అలాంటి పిల్లలే. అది ఆయనకూ తెలుసు.

కష్టమల్లా ఏటా బాగా వాయించేవాళ్ళు వెళ్ళిపోవడం. నాలుగైదేళ్ళు పట్టి తయారైన మొదటి ట్రంపెట్ అమ్మాయి పెద్ద చదువుకి వెళ్ళిపోతుంది. సెలవుల తర్వాత ఆ కుర్చీలో కాళ్ళు నేలకి అందని పిల్లాడొకడు వచ్చి కూర్చుంటాడు. వాడికి మాస్టారు ట్రంపెట్ ఇవ్వడు, ముందు పెదవులకు ఆనించి ఊదే మౌత్‌పీస్ ఒక్కటే ఇస్తాడు. వాడు బుగ్గలు పూరించి ఊదుతాడు. ఉత్త గాలి. "బుగ్గలు కాదురా, పెదవులు అదరాలి, ఈగ మోతలాగా" అంటాడు మాస్టారు. మళ్ళీ గాలి. మూడోసారో నాలుగోసారో జుయ్‌మని ఏదో వస్తుంది. పిల్లాడు ఉలిక్కిపడి మౌత్‌పీస్ తీసి, అది తనేనా అన్నట్టు దాని లోపలికి చూస్తాడు.

నమస్కారం.